ఇంటి తయారీ, ఊరి పొదుపు: పంచాయతీ సభ్యులకు ఒక పాఠము

గ్రామము నుండి ధనము రెండు దారుల వెలుపలికి పోవుచున్నది. మొదటిది కిరాణా కొట్టు దారి. స్నానపు సబ్బు, తలకు షాంపూ పొట్లము, పండ్ల పొడి, పచ్చడి సీసా అనుచు దినదినము చిల్లరగా పోవు సొమ్ము ఎవరి కంటికి ఆనదు. రెండవది పెరటి దారి. కాపు విరివిగా వచ్చిన నెలలో కూరగాయలు కుళ్లిపోవును. కాపు లేని నెలలో వానినే హెచ్చు ధరకు కొందుము. 2023 జులైలో కిలో నూరు రూపాయలు దాటిన టమాటా ధర కొద్ది వారాలలోనే పడిపోయిన సంగతి రైతులెవరును మరువలేదు.

పంచాయతీ సభ్యులు ఒక చిన్న లెక్క వేసి చూడవలెనని మేము కోరుచున్నాము. ఊరిలో 300 కుటుంబములు కలవనియు, ఒక్కొక్క కుటుంబము ఈ వస్తువులకు నెలకు 250 రూపాయలు వెచ్చించుచున్నదనియు అనుకొందము. నెలకు 75,000 రూపాయలు, ఏడాదికి 9 లక్షల రూపాయలు అగును. ఇది ఊహించిన లెక్క. మీ ఊరి నిజమైన లెక్క మీరే తీయవలెను. అందులో నాలుగవ వంతు ఊరిలోనే నిలిచినను, అది చిన్న మొత్తము కాదు.

వేటిని ఇంట చేసుకొనవచ్చును?

ఇంట చేసినదెల్ల చవుక యని తలచుట పొరపాటు. చేయుటకు ముందు ధర, శ్రమ, అపాయము అను మూడింటిని తూచి చూడవలెను.

తలంటునకు కుంకుడుకాయ, శీకాయ మన పెద్దలెరిగినవే. వీనిలో సపోనిన్ అను పదార్థము ఉండుటచే నురుగు పుట్టి జిడ్డు వదలును. గింజలు తీసిన కుంకుడుకాయలను బాగుగా ఎండబెట్టి దంచి జల్లించి, తడి తగలని డబ్బాలో నిలువ చేసినచో అవసరమైనపుడు వేడినీట నానవేసి వాడుకొనవచ్చును. కంటిలో పడినచో మండును గావున పిల్లలకు వడకట్టిన రసమునే వాడవలెను.

ఒంటికి సున్నిపిండి మేలు. రెండు పాళ్లు పెసలు, ఒక పాలు సెనగలు, ఎండిన బత్తాయి లేక కమలా తొక్కలు కొద్దిగా, చిటికెడు పసుపు కలిపి మెత్తగా మరపట్టించవలెను. పురుగు పట్టకుండ నెలకు సరిపడునంతే చేసికొనుట మంచిది.

పండ్ల విషయమున ఒక హెచ్చరిక. ఇటుకపొడి, బొగ్గుపొడి, ముతక ఉప్పు పండ్లపై పూతను అరగదీయును. ఒకసారి అరిగిన పూత తిరిగి పెరుగదు. ఇంటి పొడులలో పండ్లు పుచ్చకుండ కాపాడు ఫ్లోరైడు సామాన్యముగా ఉండదు. కావున ఈ ఒక్క వస్తువునందు పొదుపునకు పోక, మంచి పేస్టును కొద్దికొద్దిగా వాడుటయే లాభము. తాగునీటిలో ఫ్లోరైడు అధికముగానున్న గ్రామముల వారు మాత్రము పిల్లల పేస్టు విషయమై దంత వైద్యుని సలహా తీసికొనవలెను.

సబ్బు: తెలిసి చేయవలసిన పని

నూనెయు కాస్టిక్ సోడాయు కలిసి మారుటయే సబ్బు. కిలో కొబ్బరినూనె పూర్తిగా సబ్బుగా మారుటకు సుమారు 183 గ్రాముల కాస్టిక్ సోడా కావలెను. ఒంటికి వాడు సబ్బులో సోడా మిగులరాదు గావున 170 గ్రాములు మించి వేయరాదు. ఈ కొలత కొబ్బరినూనెకు మాత్రమే. ఒక్కొక్క నూనెకు ఒక్కొక్క కొలత కలదు. గరిటెలతోను, గుప్పిళ్లతోను కొలుచుట పనికిరాదు. తూకపు యంత్రము ఉండి తీరవలెను.

350 గ్రాముల నీటిలో సోడాను కొద్దికొద్దిగా వేయుచు కలుపవలెను. సోడాపై నీరు ఎన్నడును పోయరాదు; పోసినచో ఒక్కసారి పొంగి మీద పడును. కలిపిన నీరు మిక్కిలి వేడెక్కును గావున చల్లారనిచ్చి, గోరువెచ్చని నూనెలో పోసి చిక్కబడు వరకు కలిపి అచ్చులలో పోయవలెను. గట్టిపడిన పిమ్మట కోసి, గాలి తగులుచోట నాలుగు నుండి ఆరు వారములు ఆరనీయవలెను. నూరు గ్రాముల బిళ్లలు సుమారు పదమూడు రాగలవు.

అల్యూమినియము పాత్ర వాడరాదు. సోడా దానిని తినివేయును. స్టీలు పాత్రయే వాడవలెను. చేతులకు రబ్బరు తొడుగులు, కండ్లకు అద్దాలు తప్పనిసరి. ఒంటిపై పడినచో వెంటనే ధారగా నీటితో ఇరువది నిమిషములు కడుగవలెను. కంటిలో పడినచో అట్లే కడుగుచు ఆసుపత్రికి చేర్చవలెను. బిడ్డ పొరపాటున మ్రింగినచో వాంతి చేయింపక తక్షణము వైద్యుని యొద్దకు కొనిపోవలెను. సోడా కలిపిన నీటిని తాగునీటి సీసాలో పోసి ఉంచుట ప్రాణాపాయము. కావున పిల్లలున్న ఇంటిలో ఈ పని వలదనియు, సంఘముగా కూడి తాళము వేయదగిన ఒక గదిలో చేయవలెననియు మా మనవి.

లెక్క కూడ మరువరాదు. నూనెను అంగడిలో కొని చేసిన సబ్బు కొన్న సబ్బు కంటె చవుక కాకపోవచ్చును. సొంత కొబ్బరి గల ఊళ్లకే ఇది చక్కగా కలిసివచ్చును.

పెరటి పంటను నిలువ చేయుట

కూరగాయను చెడగొట్టునవి సూక్ష్మజీవులు. వానికి నీరు కావలెను. నీటిని ఎండతో తీసివేయుట ఒరుగు; ఉప్పు, పులుపులతో ఆ జీవులను అణచుట ఊరగాయ. మన ఆవకాయలో మామిడి పులుపు, ఉప్పు, ఆవపిండి కలిసి పనిచేయగా, పైన తేలిన నూనె గాలిని, బూజును అడ్డుకొనును. ఇది పెద్దలు అనుభవముచే కనుగొనిన శాస్త్రము.

వంకాయ, కాకర, గోరుచిక్కుడు వంటివానిని ముక్కలు కోసి, మరుగు నీటిలో రెండు మూడు నిమిషములు ముంచి తీసి, ఉప్పు పట్టించి ఎండబెట్టవలెను. మరుగు నీట ముంచుట వలన రంగు, రుచి నిలుచును. మునగాకు, కరివేపాకు వంటి ఆకులను నీడన ఆరబెట్టవలెను. ఎండ తగిలినచో విటమిన్ ఏ నిచ్చు పదార్థము తరిగిపోవును. టమాటాలో నూటికి 94 పాళ్లు నీరే గావున, నూరు కిలోలు ఎండిన పిదప ఆరేడు కిలోలే మిగులును. బస్తాలను మోయలేని ఇల్లాలు ఆ డబ్బాను అటుకపై దాచుకొనగలదు.

నేలపై గాక మంచముపై పరచి, పలుచని బట్ట కప్పి, మంచు పడక మునుపే లోపలికి తీయవలెను. ఎండిన ముక్కలను గాజు సీసాలో వారము రోజులు మూసి యుంచి చూడుడు. సీసాకు లోపల చెమ్మ పట్టినచో మరల ఎండబెట్టవలెను. బూజు పట్టినదానిని పైపైన తీసి తినుట తగదు. బూజు విషము కంటికి కనబడదు. అంతయు పారవేయవలెను.

ఇంకొక అపాయము కలదు. చిక్కుడు, బఠాణీ, మొక్కజొన్న వంటి పులుపు లేని కూరలను ఉడికించి సీసాలో గాలి చొరకుండ మూసి నిలువ చేయరాదు. మరిగించినను చావని బోట్యులినమ్ అను సూక్ష్మజీవి విత్తనములు అందు మొలచి, వాసనయైనను తెలియని ప్రాణాంతక విషమును పుట్టించును. అట్టి కూరలను ఎండబెట్టుటయే క్షేమము.

ఊరగాయ, ఒరుగులలో ఉప్పు హెచ్చు. రక్తపు పోటు గలవారు మితముగా తినవలెను.

పంచాయతీ చేయవలసినది

1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ పదునొకండవ షెడ్యూలును చేర్చినది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములలో ఆహార పదార్థముల తయారీతో కూడిన చిన్న పరిశ్రమలు, ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు కలవు. కావున ఇది స్త్రీలు తీరికవేళ చేసికొను పని యని త్రోసివేయదగినది కాదు.

ఎండబెట్టుటకు పశువులు, దుమ్ము చేరని ఒక ఎత్తైన గచ్చును ఏర్పరచవచ్చును. బంజరు భూములలో కుంకుడు, చింత, ఉసిరి, మునగ నాటించవచ్చును. కుంకుడు కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును గావున ఆ పని ఈ వానకాలముననే ఆరంభింపవలెను. సొంత వాడుకకు చేసికొనినంత వరకు చిక్కులేదు. అమ్మదలచినచో ఆహార పదార్థములకు 2006 నాటి ఆహార భద్రతా చట్టము ప్రకారము నమోదు గాని లైసెన్సు గాని, ఒంటికి వాడు వస్తువులకు సౌందర్య సాధనముల నిబంధనల ప్రకారము లైసెన్సు పొందవలెను. ఈ సంగతి పొదుపు సంఘములకు ముందే చెప్పని యెడల, అప్పు తెచ్చి పెట్టిన పెట్టుబడి నష్టపడును.

తుదకు ఒక మాట. పొదుపు భారమంతయు ఇల్లాలి తలపై మోపుట న్యాయము కాదు. పొలము నుండి వచ్చి వంట చేసి, పిదప కాయలు కోసి ఎండబెట్టుమనినచో అది పొదుపు కాదు, వెట్టి. కోయుట, మోయుట, దంచుట, ఎండను కాచుట యందు ఇంటివారెల్లరు చేయి వేయవలెను.

సభలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన ఊరినుండి ఈ వస్తువులకై నెలకు ఎంత సొమ్ము పోవుచున్నది?
2. ఏ నెలలో ఏ కూర వృథాయగుచున్నది? ఏ నెలలో దానినే కొనుచున్నాము?
3. వీనిలో ఏది చేసికొనుట లాభము, ఏది కొనుటయే మేలు?
4. ఎండు గచ్చునకు తగిన స్థలమెక్కడ కలదు? దాని బాధ్యత ఎవరు వహింతురు?

ఈ నాలుగింటికి జవాబులు వ్రాసి తెచ్చిన సభ్యుడు తన ఊరికి మంచి సేవ చేసినవాడగును.