బల్క్‌గా పెట్టిన యాడ్స్ లైవ్ అయ్యాయా? ఏపీఐతో ఇలా చెక్ చేయండి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ షాపుల్లోని సెకండ్ హ్యాండ్ ఫోన్లన్నీ ఒకే ఫైల్‌లో అప్‌లోడ్ చేశారు, 202 వచ్చింది. పనైపోయిందనుకోకండి! 202 అంటే రిక్వెస్ట్ తీసుకున్నామని మాత్రమే, యాడ్స్ పబ్లిష్ అయ్యాయని కాదు. రెస్పాన్స్‌లో వచ్చిన బ్యాచ్ ఐడీతో స్టేటస్ అడగండి. బ్యాచ్ 'కంప్లీటెడ్' అని చూపించినా ఒక్కో యాడ్ స్టేటస్ విడిగా చూడాల్సిందే.

రిజెక్ట్ అయితే ముందు జిల్లా పేరు చూడండి. 2016 అక్టోబర్‌లో సూర్యాపేట జిల్లా ఏర్పడ్డాక కోదాడ అందులోకి వెళ్లింది, మిర్యాలగూడ మాత్రం నల్గొండలోనే ఉండిపోయింది. పాత ఫైల్‌లో మూడింటికీ నల్గొండే ఉంటే సైట్ లొకేషన్ లిస్టుతో కలవకపోవచ్చు. సరిచేసి, ఫెయిలైనవే మళ్లీ పంపండి. ఫైల్ మొత్తం పంపితే డూప్లికేట్లు పడొచ్చు, అమ్మేసిన ఫోన్‌కీ కాల్స్ మోగుతూనే ఉంటాయి. అన్నట్టు, సెకనుకోసారి స్టేటస్ అడిగితే 429 రావచ్చు. రిట్రై-ఆఫ్టర్ హెడర్ ఉంటే అందులో చెప్పినంతసేపు ఆగండి.