రెండు సరస్సులు, ఒక పట్టిక

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు భాషకు శతాబ్దానికి మించిన చరిత్ర ఉన్నది. బెంగాల్–నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుండి ఉపాధికై వచ్చిన కుటుంబాలనేకం అక్కడనే స్థిరపడినవి. 2020 డిసెంబరులో ఆ రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా కల్పించుటకు నిర్ణయించినది. ఈ కుటుంబాలవారు రైలులో స్వగ్రామాలకు పోవునప్పుడు ఒడిశాలో బాలుగావ్, రంభ స్టేషన్ల ప్రాంతాన ఎడమవైపు చిలికా సరస్సు కనిపిస్తుంది. ఒకవైపు కొండలు, మరొకవైపు నీరు, నడుమ రైలుమార్గం. దిగి పడవ ఎక్కదలచినవారికి బర్కుల్, రంభ, సాతపడా రేవులున్నవి.

ఈ దృశ్యాన్ని చూచిన విద్యార్థికి భూగోళ పాఠంలోని హిమానీనద సరస్సు గుర్తుకు రావచ్చును. కొండల చెంత నీరు పరచుకొన్న అందం రెండింటికీ ఉన్నది. పుట్టుక మాత్రం పూర్తిగా వేరు.

మంచు తొలిచిన సరస్సు

స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశాల సరిహద్దున ఉన్న జెనీవా సరస్సు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. మంచుయుగంలో రోన్ హిమానీనదం ఆల్ప్స్ పర్వతాల నుండి దిగివచ్చి లోయను లోతుగా తొలిచినది. మంచు కరిగిన పిమ్మట ఆ పల్లంలో నీరు నిలిచినది. దాని విస్తీర్ణం సుమారు 580 చదరపు కిలోమీటర్లు, గరిష్ఠమైన లోతు సుమారు 310 మీటర్లు. ఇంతటి లోతున్నందున పెద్ద స్టీమర్లకు అక్కడ అడ్డులేదు. మొదటి ఆవిరి ఓడ 1823లో నడిచినది. 1904లో నిర్మించిన ‘మాంట్రూ’ అనే చక్రాల స్టీమరు కొంతకాలం డీజిలుతో నడిచి, 2001లో తిరిగి ఆవిరియంత్రంతో విహారయాత్రలు ఆరంభించినది. ఒకప్పుడు ఆవిరి ఇంజన్లను మరమ్మతు చేసిన ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికుల వారసులకు ఇది ఆసక్తికరమైన విషయమే.

ఇసుక కట్టిన సరస్సు

చిలికాను ఏర్పరచినది మంచు కాదు, ఇసుక. కెరటాలు తీరం వెంబడి పోసిన ఇసుకదిబ్బ దీనిని బంగాళాఖాతం నుండి వేరుచేసినది. వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లుండే ఈ సరస్సు వర్షాకాలంలో 1,100కు పైగా విస్తరిస్తుంది. అయినను చాలచోట్ల లోతు రెండు మూడు మీటర్లకు మించదు. కనుక ఇక్కడ తేలికపాటి పడవలే తిరుగుతవి. మహానది పాయల మంచినీరు, సముద్రపు ఉప్పునీరు ఇందులో కలుస్తున్నవి. చేపలు, రొయ్యలు, వలస పక్షులు, ఇరావతి డాల్ఫిన్లు, వేలాది మత్స్యకార కుటుంబాలు ఈ కలయికపైననే ఆధారపడి ఉన్నవి.

ఆపద, నివారణ

1981లో చిలికాకు రామ్‌సార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ గుర్తింపు లభించినది. కాని ఒండ్రు మేటవేసి సముద్రపు దారి పూడిపోసాగినది. ఉప్పదనం తగ్గినది, కలుపు మొక్కలు అల్లుకొన్నవి, చేపలు తరిగినవి. ఆపదలోనున్న చిత్తడినేలల కొరకు 1990లో ఒక ప్రత్యేక పట్టికను ఏర్పరచిన అంతర్జాతీయ సమావేశం మాంట్రూ పట్టణంలో జరిగినది. ఆ పట్టణం జెనీవా సరస్సు ఒడ్డుననే ఉన్నది. 1993లో చిలికా ఆ ‘మాంట్రూ పట్టిక’కు ఎక్కినది.

చిలికా అభివృద్ధి సంస్థ 2000 సెప్టెంబరులో ఇసుకదిబ్బను త్రవ్వించి కొత్త ముఖద్వారాన్ని తెరిపించినది. ఉప్పునీరు ప్రవేశించగా మత్స్యసంపద తిరిగి వృద్ధి చెందినది. 2002లో చిలికా పేరు పట్టిక నుండి తొలగినది. జెనీవా సరస్సు సైతం కాలుష్యంతో బాధపడినదే. 1960ల నుండి ఇరుదేశాల ఉమ్మడి సంఘం దాని శుద్ధికి కృషి చేస్తున్నది.

మంచు తొలిచినదైనను, ఇసుక కట్టినదైనను సరస్సు ఒక్క ఒడ్డువారి సొత్తు కాదు. విహారానికి వచ్చినవారికి సైతం బాధ్యత ఉన్నది. ఇటీవలి లెక్కలలో చిలికా డాల్ఫిన్ల సంఖ్య 200 లోపే. మరపడవల రొదకు అవి బెదరుతవి. పంఖాలు తగిలి గాయపడుతవి. డాల్ఫిన్ కనిపించినప్పుడు వెంటాడక, దూరాననే ఇంజను ఆపమని పడవవానిని కోరుట ప్రతి యాత్రికుడు చేయదగిన పని.