నల్లకోటుతో పాటు యూనిఫాం కూడా: ఏ ప్రాక్టీసుకు కుదురుతుంది?

లా చదువుతూ సైన్యం మీద మనసుపడ్డవాళ్లకు సాధారణంగా తెలిసిన దారి సైన్యపు న్యాయ విభాగమైన జాగ్. లా డిగ్రీలో 55 శాతం మార్కులు, 21 నుంచి 27 ఏళ్ల లోపు వయసు ఉండాలి. అందులో చేరితే అది పూర్తికాలపు ఉద్యోగం, బయట ప్రాక్టీసు ఉండదు. టెరిటోరియల్ ఆర్మీ అలా కాదు. 1948 నాటి చట్టంతో ఏర్పడిన ఈ దళాన్ని 1949 అక్టోబరు 9న రాజాజీ ప్రారంభించారు. సొంత సంపాదన ఉన్న పట్టభద్రులు 18 నుంచి 42 ఏళ్ల మధ్య దరఖాస్తు చేసుకోవచ్చు. రాతపరీక్ష, ఇంటర్వ్యూ, ఎస్‌ఎస్‌బీ, వైద్యపరీక్షలు దాటితే లెఫ్టినెంట్ అవుతారు. మహిళలూ అర్హులేనని 2018లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. ఏటా సుమారు రెండు నెలల శిక్షణ ఉంటుంది, అవసరం పడితే అంతకు మించి పిలుస్తారు. అక్కడ మీరు చేసేది కోర్టు పని కాదు, జవాన్లను నడిపించడం.

ప్రాక్టీసు, టెరిటోరియల్ ఆర్మీ రెండూ కలిసి సాగాలంటే ఓపిక, క్రమశిక్షణ ఉంటే చాలని చెబుతుంటారు. నా దృష్టిలో అసలు విషయం మీరు చేసే లాయరు పని ఏ తరహాదన్నదే. సైనిక సేవకు వెళ్లొచ్చిన ఉద్యోగిని తిరిగి పనిలో పెట్టుకోవాల్సిన బాధ్యతను చట్టం యజమాని మీద పెట్టింది. కంపెనీ లీగల్ విభాగంలో జీతానికి పనిచేసేవారికి ఇది గట్టి అండ. జిల్లా కోర్టులో సొంతంగా కేసులు చూసుకునే వకీలుకు యజమానే లేడు, చేజారిన కక్షిదారును ఏ చట్టమూ తెచ్చివ్వదు. పైగా సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డర్ ప్రకారం వకీలు వేరే కోర్టులో ఉన్నాడన్నది వాయిదాకు కారణం కాదు, విచారణ దశలో ఒక పక్షానికి మూడుసార్లకు మించి వాయిదా ఇవ్వకూడదు. సాక్షి బోనెక్కిన రోజు మీరు ఫైరింగ్ రేంజ్‌లో ఉంటే క్రాస్ ఎవరు చేస్తారు? అందుకే ట్రయల్ పని వదులుకోలేనివారు మొదటి రోజు నుంచే వకాలత్‌లో మరో వకీలు పేరు చేర్చాలి. ఆ మనిషికి ఫైలు మొత్తం తెలిసి ఉండాలి. చివరి నిమిషంలో నోట్సు చేతికిచ్చి వెళ్లిపోవడం కక్షిదారుకు అన్యాయం.

వేసవి సెలవుల్లో శిక్షణ ముగించుకోవచ్చు కదా అంటారు. శిక్షణ తేదీలు యూనిట్ నిర్ణయిస్తుంది, కోర్టు క్యాలెండర్ చూసి కాదు. జూనియర్‌గా ఉన్నప్పుడు రెండు నెలలు కనబడకపోతే సీనియర్ మరిచిపోతారన్న భయం మాత్రం నిజమైనదే. దానికి జవాబు వయోపరిమితిలోనే ఉంది. 42 ఏళ్ల దాకా గడువున్నప్పుడు తొలి అయిదారేళ్లు పూర్తిగా కోర్టుకే ఇచ్చి, చేతిలో నాలుగు కేసులు, పక్కన నమ్మకమైన సహచరుడు ఉన్నాక దరఖాస్తు చేయడం మేలు.

ఇక బార్ కౌన్సిల్ 49వ నిబంధన. ప్రాక్టీసు చేస్తున్న అడ్వకేటు పూర్తికాల జీతపు ఉద్యోగిగా ఉండకూడదు. అలా చేరితే కౌన్సిల్‌కు తెలియజేసి, ఆ కాలమంతా ప్రాక్టీసు ఆపాలి. ఏడాదికి రెండు నెలల శిక్షణను పూర్తికాల ఉద్యోగం అనడం కష్టమే. యూనిట్ ఏళ్ల తరబడి విధుల్లో ఉంచుకుంటే మాత్రం ఆ వాదన నిలవదు. కమిషన్ రాగానే మీ రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు లేఖ రాసి, జవాబు లిఖితపూర్వకంగా తీసుకోండి. సైన్యం ప్రతివాదిగా ఉన్న కేసు ఎవరైనా తెస్తే, మీ హోదా ముందే చెప్పి మరో వకీలు దగ్గరకు పంపండి.