పనిచేసే చోట మద్యం – ముస్లిం ఉద్యోగి ఏం చేయాలి?



మద్యం హరామ్ అన్న సంగతి ముస్లిం ఇంట్లో పుట్టిన పిల్లవాడికి కొత్తగా చెప్పనక్కరలేదు. అల్లాహ్ దయవల్ల మన ఇళ్ళలో చాలామటుకు అది గడప దాటి లోపలికి రాదు. కాని మన పిల్లలు గడప దాటి బయటికి వెళ్తున్నారు. ఒకరు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీకి, ఒకరు సేల్స్ ఉద్యోగానికి, ఒకరు తాపీ పనికి, మరొకరు లారీ మీదికి. అక్కడ మద్యం శత్రువులా ఎదురుపడదు. స్నేహం పేరుతో, మర్యాద పేరుతో, ఒక్కోసారి పై అధికారి మాటగా వస్తుంది. ప్రాజెక్టు పూర్తయితే పార్టీ, ప్రమోషన్ వస్తే పార్టీ. ఇంటికి స్లాబు వేసిన రోజున యజమాని పనివాళ్ళకు మందు ఇప్పించడం చాలా ఊళ్ళలో ఆనవాయితీ.

"అందరూ తాగుతుంటే నీ ఒక్కడికేమైంది?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక తడబడే యువకులు ఎందరో ఉన్నారు. ఈ పాఠం వారి కోసం, వారి తల్లిదండ్రుల కోసం.

నిషేధం ఒక విందులోకే వచ్చింది

దివ్యఖుర్ఆన్ మద్యాన్ని అంచెలంచెలుగా నిషేధించింది. మద్యంలో, జూదంలో కొన్ని లాభాలున్నా వాటి పాపమే పెద్దదని మొదట తెలిపింది (అల్ బఖర: 219). మత్తులో ఉన్నప్పుడు నమాజు దరిదాపులకు రావద్దని తర్వాత ఆదేశించింది (అన్ నిసా: 43). చివరికి అది షైతాను చేష్టల్లోని అశుద్ధమని, దానికి పూర్తిగా దూరంగా ఉండాలని తేల్చి చెప్పింది. మద్యం, జూదాల ద్వారా షైతాను మనుషుల మధ్య వైరం పెట్టాలని, వారిని దైవస్మరణకు, నమాజుకు దూరం చేయాలని చూస్తాడని కూడా వివరించింది (అల్ మాయిద: 90, 91).

ఈ ఆదేశం వెలువడినప్పుడు హజ్రత్ అబూ తల్హా (రజి) ఇంట్లో కొందరు మిత్రులు కూర్చుని ఉన్నారు. ఖర్జూరంతో చేసిన మద్యాన్ని హజ్రత్ అనస్ (రజి) వారికి అందిస్తున్నారు. వీధిలో ప్రకటన వినబడగానే అబూ తల్హా (రజి) దాన్ని పారబోయమన్నారు. ఆ రోజు మదీనా వీధుల్లో మద్యం పారిందని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. గమనించండి, అది కూడా స్నేహితుల విందే! మొదలుపెట్టాం కదా, ఈ ఒక్కసారికి పూర్తి చేద్దామని అక్కడ ఎవరూ అనలేదు.

పని భారం సాకు కాగలదా?

"రోజంతా ఒళ్ళు హూనమయ్యే పని, కొంచెం పడితేగాని నిద్ర పట్టదు" అని కూలి సోదరులు అంటారు. "పని ఒత్తిడి" అని ఆఫీసు సోదరులు అంటారు. ఈ ప్రశ్న కొత్తది కాదు. హజ్రత్ దైలమ్ హిమ్‌యరీ (రజి) దైవప్రవక్త (స) సన్నిధిలో ఇదే అడిగారు. తమది చలి ప్రాంతమని, కష్టమైన పనులు చేస్తామని, ఆ పనులకు శక్తి కోసం, చలికి తట్టుకోవడం కోసం గోధుమలతో ఒక పానీయం తయారు చేసుకుంటామని విన్నవించుకున్నారు. దైవప్రవక్త (స) ఒక్కటే అడిగారు: అది మత్తు కలిగిస్తుందా? అవునని జవాబు రాగానే, దానికి దూరంగా ఉండమన్నారు. ప్రజలు దాన్ని వదలరు అన్నప్పుడు కూడా తీర్పును సడలించలేదు (అబూ దావూద్).

"బీరేగా, కొంచెమేగా" అనేవారికి

ద్రాక్ష, ఖర్జూరం, తేనె, గోధుమ, బార్లీల నుండి మద్యం తయారవుతుందని, బుద్ధిని కప్పివేసేదంతా మద్యమేనని హజ్రత్ ఉమర్ (రజి) మింబర్ మీద నుండి ప్రకటించారు (బుఖారీ). బీరు ఆ బార్లీ నుండి వచ్చేదే. ఎక్కువ తాగితే మత్తెక్కించేది కొంచెమైనా హరామేనని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు (అబూ దావూద్, తిర్మిజీ). హనఫీ మజ్‌హబ్‌లో కూడా ఫత్వా ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అభిప్రాయం మీదే ఉంది. అంటే మత్తు కలిగించే ఏ పానీయమైనా, ఎంత కొంచెమైనా నిషిద్ధమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆరోగ్యానికి హాని చేయని మద్యం మోతాదు అంటూ లేదని 2023లో ప్రకటించింది. మనం మానేది మాత్రం అల్లాహ్ ఆజ్ఞ గనుక.

తాగకుండా కూర్చోవచ్చా? కొనివ్వవచ్చా?

అల్లాహ్‌ను, అంతిమదినాన్ని విశ్వసించేవాడు మద్యం తిరిగే భోజనపు బల్ల దగ్గర కూర్చోరాదని హదీసులో ఉంది (తిర్మిజీ). హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) తాగుతున్న కొందరిని పట్టుకున్నప్పుడు, వారిలో ఒకరు ఉపవాసంతో ఉన్నారని చెప్పినా, వారితో కూర్చున్నందుకు అతన్ని కూడా శిక్షించారని తఫ్సీర్ గ్రంథాలు తెలుపుతున్నాయి. కనుక "నేను కూల్‌డ్రింకే తాగాను" అన్నది పూర్తి జవాబు కాదు.

మద్యం విషయంలో పది మంది శాపగ్రస్తులని హదీసులో ఉంది. తాగేవాడే కాదు, తయారు చేసేవాడు, మోసేవాడు, పోసేవాడు, అమ్మేవాడు, కొనేవాడు, దాని సొమ్ము తినేవాడు కూడా అందులో ఉన్నారు (తిర్మిజీ). దీన్నిబట్టి:

1. పార్టీ ఖర్చు పంచుకునేటప్పుడు భోజనం వాటా ఇవ్వండి. మద్యం వాటా ఇవ్వకండి.

2. సీసా తెమ్మని అధికారి పంపితే వినయంగా నిరాకరించండి. అది మీ ఉద్యోగ విధి కాదు.

3. సహోద్యోగులు తాగుతారన్నంత మాత్రాన మీ జీతం హరామ్ కాదు. మీ పని హలాల్ అయితే జీతం కూడా హలాలే.

4. బారులో మద్యం అందించే ఉద్యోగం ధర్మసమ్మతం కాదు. అందులో ఉన్నవారు వేరే పని గట్టిగా వెతుక్కోవాలి. తమ పరిస్థితిని దగ్గరి ముఫ్తీకి వివరించి సలహా తీసుకోవాలి.

5. ముస్లిం కాంట్రాక్టర్లు, ఇల్లు కట్టించుకునేవారు స్లాబు రోజున పనివాళ్ళకు మందు ఇప్పించరాదు. కడుపునిండా బిర్యానీ పెట్టండి, కూలి మీద కొంత అదనంగా ఇవ్వండి. వారి సంతోషానికీ లోటుండదు, మీ ఇంటి పునాదికీ పాపం అంటదు.

ఎలా చెప్పాలి?

మొదటి రోజే చెప్పండి. "మా ధర్మంలో నిషిద్ధం, నేను తాగను" అన్న ఒక్క మాట చాలు. "మందులు వాడుతున్నాను" అని అబద్ధమాడితే, మందులు ఎప్పుడు అయిపోతాయని వచ్చే నెల మళ్ళీ అడుగుతారు. తాగేవారిని చులకన చేయకండి, అక్కడే ఉపన్యాసం మొదలుపెట్టకండి. పార్టీని రాత్రి బారులో కాక మధ్యాహ్నం భోజనంగా పెడదామని అడిగి చూడండి. మద్యం తాగని హిందూ, క్రైస్తవ సహోద్యోగులు, ముఖ్యంగా ఆడవారు, మీ మాటకు సంతోషిస్తారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో సారాకు వ్యతిరేకంగా లేచి నిలిచింది పల్లె మహిళలే కదా! వారి ఉద్యమం తర్వాత 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ సంపూర్ణ నిషేధం సడలిపోయింది. చట్టం మారినా, మన మీద ఉన్న అల్లాహ్ ఆజ్ఞ మారదు.

ఇప్పటికే జారిపడినవారికి

దైవప్రవక్త (స) కాలంలో ఒకతను తాగి మళ్ళీ మళ్ళీ శిక్షకు గురయ్యేవాడు. ఒకరు అతన్ని శపిస్తే ప్రవక్త (స) వారించారు. అతను అల్లాహ్‌ను, ఆయన ప్రవక్తను ప్రేమిస్తున్నాడని చెప్పారు (బుఖారీ). తల్లిదండ్రులారా! కొడుకు నోట వాసన వచ్చిన రాత్రి అతన్ని ఇంటి నుండి గెంటకండి. అలాగని చూసీ చూడనట్లు ఊరుకోకండి. తెల్లవారాక పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఏ స్నేహం, ఏ పార్టీ అతన్ని అక్కడికి తీసుకెళ్ళిందో తెలుసుకోండి. ఫజ్ర్ నమాజుకు వెంట తీసుకెళ్ళండి. తౌబా తలుపు తెరిచే ఉంది.

అల్లాహ్ మన పిల్లల ఉపాధిని హలాల్‌గా ఉంచి, వారి అడుగులను స్థిరపరచుగాక! ఆమీన్.