ప్రకృతి దృశ్య ఛాయాచిత్రములు – పదిమందితో పంచుకొనుట

కొండనో, చెరువునో, పొద్దువాలిన ఆకాశమునో చిత్రముగా తీసినవాడు దానిని పెట్టెలో దాచుకొని ఊరకుండలేడు. నలుగురికి చూపవలెనను కోరిక ఈ కళతోపాటే పుట్టినది. మొదట ఆల్బములు చేతులు మారినవి. తరువాత ఛాయాచిత్ర సంఘములు, సెలూన్లు అను ప్రదర్శనలు, గోడపై వెలుగు పడు స్లైడ్లు వచ్చినవి. 2004లో ఫ్లికర్, 2010లో ఇన్‌స్టాగ్రామ్ వెలసిన పిమ్మట లోకమంతటికి ఒకే గోడ ఏర్పడినట్లయినది. నేడు మన విద్యార్థులలో చేతి ఫోనుతో చిత్రములు తీయనివారు అరుదు. కనుక చిత్రము తీయు విధానమును అటుంచి, తీసిన చిత్రము పదిమంది కన్నులబడినపుడు ఆ స్థలమునకు ఏమి జరుగునను విషయమును ఇచ్చట పరిశీలింపదలచితిమి.

1861లో కార్ల్‌టన్ వాట్కిన్స్ అను ఛాయాచిత్రకారుడు కంచరగాడిదలపై సామాను ఎక్కించుకొని కాలిఫోర్నియాలోని యోసెమిటి లోయకు వెళ్ళినాడు. చిత్రమును పెద్దది చేయు సదుపాయము ఆనాడు సులభముగా లభించునది కాదు. ఎంత చిత్రము కావలెనో అంత గాజుపలక ఉండవలెను. అతని పెద్ద పలకల కొలత 18 అంగుళములకు 22 అంగుళములు. పలకపై కొలోడియన్ ద్రవము పూసి, వెండి లవణపు ద్రావణములో ముంచి, తడి ఆరకముందే చిత్రము తీసి, ఆ కొండల నడుమనే గుడారపు చీకటిలో కడగవలెను. చేయి జారిన పలక పగిలిపోవును. ఇంత శ్రమతో వచ్చిన చిత్రములు 1862 డిసెంబరులో న్యూయార్కు నగరమున ప్రదర్శింపబడినవి. 1864 జూన్ 30న అధ్యక్షుడు అబ్రహాం లింకన్ ఆ లోయను ప్రజల వినియోగమునకై కాపాడవలెనను శాసనముపై సంతకము చేసినాడు. లింకన్ యోసెమిటిని ఎన్నడును చూచినవాడు కాడు. శాసనమునకు ఛాయాచిత్రములొక్కటే కారణమని మేము అనము. అయితే చూడని లోయ గురించి నిర్ణయము చేయవలసినవారికి అవి చూపునిచ్చినవని అనుటలో అతిశయోక్తి లేదు.

ఇందులో ఒక చేదు నిజము కూడ కలదు. ఆ చిత్రములలో లోయ నిర్జనముగా, సృష్టి మొదటి దినమువలె కనిపించును. కాని అంతకు పదేండ్ల క్రిందట, 1851లో, అచ్చట తరతరములుగా నివసించిన అహ్వానీచీ ప్రజలను సాయుధ దళము తరిమివేసినది. ప్రకృతి దృశ్యమను పేరుతో చిత్రమునుండి మనిషిని తొలగించు అలవాటు ఈ కళకు చిన్ననాటినుండి ఉన్నది. మన పిల్లలు చెరువు చిత్రము తీయునపుడు వలవేసిన బెస్తవానిని, గట్టుపై బట్టలుతుకు స్త్రీని అడ్డమని తప్పించుట చూచినపుడెల్ల మాకు ఈ సంగతి గుర్తుకు వచ్చును.

పంచుకొనుటలోని బలమును, బలహీనతను ఒక్కచోట చూడవలెనన్నచో ఆస్ట్రేలియాకు దక్షిణమున నున్న టాస్మేనియా ద్వీపమునకు పోవలెను. 1923లో లిథువేనియాలో జన్మించిన ఓలెగాస్ ట్రుఖానాస్ రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఆ ద్వీపమునకు వలసవచ్చినాడు. అతడు పనిచేసినది అచ్చటి జలవిద్యుత్ సంస్థలో. సెలవు దినములలో నదులు, కొండలు తిరిగి చిత్రములు తీసెడివాడు. 1967లో హోబార్ట్ పరిసరములను దహించిన కార్చిచ్చులో అతని ఇల్లు, అందులోని చిత్రములన్నియు బూడిదయైనవి. అతడు కెమెరా పట్టుకొని మరల మొదటినుండి ప్రారంభించినాడు. అప్పటికే గులాబివన్నె ఇసుకతీరముగల పెడర్ సరస్సును జలవిద్యుత్ పథకము క్రింద ముంచివేయుటకు నిర్ణయము జరుగుచున్నది. జీతమిచ్చు సంస్థయే సరస్సును ముంచబోవుచుండగా, ట్రుఖానాస్ హోబార్ట్ పురమందిరములో సంగీతముతో కూర్చిన స్లైడ్ల ప్రదర్శనలు ఏర్పాటు చేసి ఆ సరస్సును జనులకు చూపినాడు. మందిరము నిండిపోయెడిది. అయినను 1972లో సరస్సు మునిగినది. అదే సంవత్సరము జనవరిలో గోర్డన్ నదిలో చిత్రములు తీయబోయి ట్రుఖానాస్ మరణించినాడు. అతని దేహమును కనుగొన్నవాడు అతని శిష్యుడైన పీటర్ దోంబ్రోవ్‌స్కిస్.

ఈ శిష్యుని కథ గురువు కథకు కొనసాగింపు. 1945లో జర్మనీలో లాత్వియా దంపతులకు జన్మించి, 1950లో తల్లితో టాస్మేనియా చేరినవాడు. బరువైన పెద్ద కెమెరాను వీపున మోసుకొని ఫ్రాంక్లిన్ నదిపై ప్రయాణము చేసి, ఉదయపు పొగమంచులో నది వంక తిరుగు చోట నున్న శిలాద్వీపమును చిత్రించినాడు. ఆ నదిపై కూడ ఆనకట్ట తలపెట్టబడినది. 1983 మార్చి 5న జరిగిన ఆస్ట్రేలియా ఎన్నికలకు ముందు ఆ చిత్రము పత్రికలలో పూర్తి పుటగా, రంగులలో అచ్చయినది. ఆనకట్టను వ్యతిరేకించిన పక్షము గెలిచినది. 1983 జూలై 1న అచ్చటి ఉన్నత న్యాయస్థానము నలుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు మరొకవైపు నిలిచిన తీర్పుతో ఆనకట్టను నిలిపివేసినది. నది నేటికిని స్వేచ్ఛగా పారుచున్నది. దోంబ్రోవ్‌స్కిస్ 1996లో కొండలలో చిత్రములు తీయుచుండగానే కన్నుమూసినాడు.

గురువు చిత్రములు అందమునకు తక్కువైనవి కావు. సరస్సు మునుగుటకు, నది మిగులుటకు భేదమెక్కడ? మా అభిప్రాయములో, ఒకటి ఒక నగరపు మందిరములో కూర్చున్నవారికి కనిపించినది. రెండవది ఓటు చేతనున్న దేశమంతటికి, ఓటు వేయు వారములోనే కనిపించినది. పైగా పెడర్ పోయిన దుఃఖము ఫ్రాంక్లిన్ పక్షమున నిలిచిన జనులలో అప్పటికే గూడుకట్టుకొని ఉన్నది. సరస్సును కాపాడలేకపోయిన స్లైడ్లు నదికి ఉపకరించినవని మేము నమ్ముచున్నాము.

పంచుకొనుట ఎల్లప్పుడు మేలే చేయునా? స్వీడన్ దేశమున వెట్టర్న్ సరస్సు ఒడ్డున ఒక చెట్టు ఉండెడిది. పాట్రిక్ స్వెద్‌బెర్గ్ అను ఛాయాచిత్రకారుడు 2013 నుండి ఆ ఒక్క చెట్టునే మంచులో, ఎండలో, వానలో, దాని క్రింద నడచిపోవు జనులతో సహా చిత్రించి ఇన్‌స్టాగ్రామ్‌లో పంచుకొనసాగినాడు. ఆకారమునుబట్టి దానికి బ్రొకోలి చెట్టని పేరు వచ్చినది. దూరదేశములవారు దాని అభిమానులైనారు. 2017లో ఎవరో దాని పెద్దకొమ్మను రంపముతో సగము కోసిపోయినారు. చెట్టు నిలువదని అధికారులు దానిని పూర్తిగా నరికించినారు. కోసినవాని మనసులో ఏమున్నదో చెప్పలేము. కాని పేరులేని చెట్టుగా మిగిలియున్నచో దానిపై ఎవరి దృష్టియు పడెడిది కాదేమో.

పంచుకొనుటలో మరొక ప్రయోజనము, అనగా తోటి కళాకారుల విమర్శ, కూడ చెప్పుకొనవలసినది. 1932లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కన్నింగ్‌హామ్ మొదలగువారు ఒక కూటమిగా ఏర్పడి ప్రదర్శన జరిపినారు. కెమెరా కటకపు అతిచిన్న రంధ్రమును సూచించు ఎఫ్ 64 అను సంఖ్యయే వారి పేరు. దగ్గరి రాయినుండి దూరపు శిఖరమువరకు సమస్తము స్పష్టముగా కనిపించవలెనని వారి మతము. ఉర్దూ కవిత్వమున ఇస్లాహ్ అను ఆచారము మన విద్యార్థులకు కొత్త కాదు. శిష్యుడు గజల్ వ్రాసి ఉస్తాదు ముందుంచును; ఉస్తాదు ఒక మాట మార్చును, ఒక షేర్ కొట్టివేయును. ముషాయిరాలో వినవచ్చు వాహ్‌వా వేరు, ఇస్లాహ్ వేరు. నేడు ఛాయాచిత్రములకు దొరకుచున్నది చాలవరకు వాహ్‌వాయే. చిత్రము చూపిన మిత్రునితో “బాగున్నది” అని ఊరకొనక, కన్ను మొదట ఎక్కడ ఆగినది, వెలుగు ఏ వైపునుండి పడినది, ఏ మూల అనవసరము అని మూడు మాటలు చెప్పినచో అతనికి మేలు కలుగును.

ఇక మన సంగతి. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడైన లాలా దీన్ దయాళ్ 1905లో మరణించినాడు. అతడు పొందిన బిరుదు ముసవ్విర్ జంగ్. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. కెమెరా పనివానిని కుంచె పట్టినవానితో సమముగా నిలిపిన ఆ బిరుదు మాకు ఎంతో ఇష్టము. అతని కాలమున హైదరాబాదు చుట్టు నున్న బండరాళ్ళ గుట్టలు ఎవరికిని వింత కావు. సుమారు 250 కోట్ల ఏండ్ల వయసుగల ఆ నల్లరాతి గుండ్లు నేడు క్వారీలకు, భవనములకు బలియగుచున్నవి. 1996లో ఏర్పడిన సేవ్ రాక్స్ సొసైటీ జనులను ఆ రాళ్ళవద్దకు నడిపించి చూపుచున్నది. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయ ప్రాంగణమున పత్థర్ దిల్ అని పిలువబడు శిల కలదు.

అచ్చటికి సమీపముననే, 2025లో, కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరముల విషయమున వివాదము చెలరేగినది. చెట్లు కూల్చు దృశ్యములు దేశమంతట వ్యాపించినవి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరకుటను ఆపివేయించినది. ఆ దినములలోనే కంప్యూటరు కల్పించిన చిత్రములు కొన్ని నిజమైనవాటితో కలిసి తిరిగినవి. ఆ కల్పితములను పంచినవారిలో పలువురు సదుద్దేశము కలవారే కావచ్చును. అయినను ఒక్క కల్పితము బయటపడినంతనే, ఎండలో నిలబడి నిజముగా తీసినవాని చిత్రమును కూడ ఎదుటిపక్షము అనుమానింపగలదు. వాట్కిన్స్ పలకకు, దోంబ్రోవ్‌స్కిస్ పొగమంచుకు బలము వచ్చినది ఆ స్థలము నిజముగా అట్లే ఉన్నదను నమ్మకమువలననే.

కనుక చిత్రము పంచుకొను విద్యార్థి కొన్ని పనులు చేయవలెను. ఫోను తీసిన చిత్రపు ఫైలులో, అమరికను మార్చనిచో, అక్షాంశ రేఖాంశములు కూడ దాగి ఉండవచ్చును. పక్షుల గూడు, ఒంటరి శిల, ప్రాచీన సమాధి వంటివి తీయునపుడు దానిని ఆపివేయవలెను. మనుషులుండిన అడిగి తీయవలెను. రంగులు పెంచినచో, రెండు చిత్రములను కలిపినచో ఆ మాట చిత్రము క్రిందనే వ్రాయవలెను. నశించుచున్న స్థలమైనచో మాత్రము తేది, ఊరు, దిక్కుతో సహా సమస్తము వ్రాయవలసినదే. ఏలయనగా అది సాక్ష్యమగును. నశింపని స్థలమునకు జిల్లా పేరు చాలును.