శ్రీహరికోటలో తొలి వైఫల్యం: కారణం కవాటమా, నిర్ణయమా?

కెనడా తన తొలి ఉపగ్రహమైన అలూట్-1ను స్వయంగా నిర్మించుకొని, 1962 సెప్టెంబరు 29న అమెరికా రాకెట్టుపై కక్ష్యకు పంపింది. భారతదేశం మాత్రం ఉపగ్రహాన్ని మోసుకుపోయే వాహనం సైతం స్వదేశంలోనే తయారు కావాలని సంకల్పించింది. ఆ సంకల్పానికి తొలి పరీక్ష నాటి నెల్లూరు జిల్లా శ్రీహరికోటలో, 1979 ఆగస్టు 10 ఉదయం 7 గంటల 58 నిమిషాలకు జరిగింది.

పదిహేడు టన్నుల బరువు గల ఎస్.ఎల్.వి.-3 నాలుగు దశల రాకెట్టు. మొదటి దశ నిర్దుష్టంగా పనిచేసింది. రెండవ దశలో అదుపు తప్పింది. 317 సెకన్లలో కథ ముగిసి, 560 కిలోమీటర్ల దూరాన రాకెట్టు సముద్రం పాలైంది. మరునాడే సమీక్ష మొదలైంది.

రాకెట్టును ముందుకు నెట్టే బలం వేరు, దాని దిశను సరిదిద్దే బలం వేరు. రెండవ దశలో నెట్టే పని ఘన ఇంధనానిది. దిశను దిద్దే పని చిన్న చిన్న జెట్లది. వాటిలో ద్రవ ఇంధనమూ, పొగలు గ్రక్కే ఎర్రని నైట్రిక్ ఆమ్లమూ కలిసి మండితేనే బలం పుడుతుంది. ఆనాడు ఆజ్ఞ అందినప్పుడు ఇంధనం వచ్చింది గాని, ఆమ్లం రాలేదు. పగ్గాలు తెగిన గుర్రమే అయింది రాకెట్టు. ఆమ్లం ఏమైంది? ప్రయోగానికి ఎనిమిది నిమిషాల ముందు అందిన తొలి ఆజ్ఞకు తెరుచుకున్న సోలినాయిడ్ కవాటం, లోపల చేరిన మలినం వల్ల తిరిగి మూసుకోలేదు. ఆమ్లమంతా కారిపోయింది.

ఈ వివరణతో సహచరులు తృప్తి చెందారు. ప్రాజెక్టు సారథి అబ్దుల్ కలాం మాత్రం తృప్తి చెందలేదు. ఆ కారుదల చివరి నిమిషాలలోనే కనబడిందనీ, దానిని స్వల్పమని తలచి ప్రయోగాన్ని ఆపకపోవడం తన తప్పేననీ ఆయన ఛైర్మన్ సతీశ్ ధావన్ సమక్షంలో ఒప్పుకున్నారు. కంప్యూటరు ఆపమన్నదనీ, నిల్వ చాలునని నిపుణులు లెక్కగట్టి చెప్పగా తాను దానిని తోసిపుచ్చాననీ తరువాతి ప్రసంగాలలో చెప్పేవారు. పత్రికల వారి ముందు మాత్రం ఆ బాధ్యతను ధావన్ తనపై వేసుకున్నారట!

నిజానికి ఇక్కడ ప్రశ్నలు రెండు. రాకెట్టు ఎందుకు పడిపోయిందన్నదానికి కవాటం సమాధానం. కవాటం చెడిన రాకెట్టు నేల విడిచి ఎందుకు లేచిందన్నదానికి కాదు.

1980 జులై 18న రెండవ ఎస్.ఎల్.వి.-3 అదే శ్రీహరికోట నుండి లేచి, 35 కిలోల రోహిణిని కక్ష్యలో నిలిపింది.