గడువు దాటిన వానరులు: ఉద్యోగం పోయిన వేళ కిష్కింధాకాండ

ఉద్యోగం పోయిన మనవాళ్ళలో చాలామంది ముందుగా చేసే పని గుడికి రావడం మానేయడం. ప్రసాదం దగ్గర ఎవరైనా “ఆఫీసు ఎలా ఉందండీ?” అని అడుగుతారేమోనని బెరుకు. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకు కూడా చెప్పనివారున్నారు. అందుకే ఈ త్రైమాసిక స్వాధ్యాయానికి సుందరకాండకు ముందున్న ఘట్టం, కిష్కింధాకాండ 53వ సర్గ నుంచి చివరిదైన 67వ సర్గ వరకు, తీసుకున్నాం.

సీతమ్మను వెతకడానికి సుగ్రీవుడు ఇచ్చిన గడువు ఒక నెల. దాటితే మరణదండన. దక్షిణదిక్కుకు వెళ్ళిన అంగదుడి బృందం ఆకలిదప్పులతో ఒక గుహలో ప్రవేశించింది. అక్కడ స్వయంప్రభ అనే తాపసి కడుపునిండా ఫలాలు పెట్టింది. బయటికి వచ్చేసరికి గడువు తీరిపోయింది!

అమెరికాలో హెచ్-1బి మీద ఉన్నవారికి కంపెనీ ఇచ్చే సెవరెన్స్ డబ్బు అచ్చం ఆ గుహలాంటిది. మూడు నెలల జీతం చేతిలో ఉంది కదా, కాస్త ఊపిరి పీల్చుకుందాం అనిపిస్తుంది. కానీ ఆ డబ్బు వల్ల గడువు పెరగదు. ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి గరిష్ఠంగా 60 రోజులు, లేదా ఐ-94 ముగిసే తేదీ, ఏది ముందైతే అదే గడువు. ఉద్యోగం ముగిసిన రోజును సాధారణంగా జీతం చెల్లించిన చివరి రోజును బట్టి లెక్కిస్తారు. ఈలోపు కొత్త కంపెనీ మీ తరఫున పిటిషన్ దాఖలు చేస్తే, ఆమోదం కోసం ఆగకుండా పనిలో చేరవచ్చు. లేదంటే జీవిత భాగస్వామి హోదా మీద ఆధారపడే హెచ్-4కో, సందర్శకుల హోదాకో మార్పు కోరుతూ గడువులోగా దరఖాస్తు పెట్టాలి. సందర్శకుల హోదాలో ఉద్యోగం చేయకూడదు. మొదటి వారంలోనే ఇమిగ్రేషన్ లాయరును కలవండి.

వయసు 40 దాటినవారికి ఇంకో మాట. సెవరెన్స్ కాగితాల మీద ఆ రోజే సంతకం పెట్టేయకండి. వయసు వివక్షపై దావా వేసే హక్కును వదులుకొమ్మని అడిగితే, ఆలోచించుకోవడానికి కనీసం 21 రోజులు, సామూహిక తొలగింపైతే 45 రోజులు ఇవ్వాలని చట్టం. సంతకం చేశాక కూడా 7 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు.

మళ్ళీ కథలోకి వద్దాం. ఉత్తచేతులతో తిరిగి వెళ్ళలేక వానరులు సముద్రతీరంలో దర్భల మీద ప్రాయోపవేశానికి కూర్చున్నారు. అంగదుడు తమ దుస్థితిని పైకే చెప్పుకుంటూ జటాయువు త్యాగాన్ని తలచుకున్నాడు. ఆ పేరు కొండమీద ఉన్న సంపాతి చెవిన పడింది. అతడు జటాయువు అన్న. రెక్కలు కాలిపోయిన ముసలి పక్షి. లంకకు ఎగరలేడు. కానీ సీతమ్మ ఎక్కడుందో అతడికే తెలుసు. అంగదుడు మౌనంగా కూర్చుని ఉంటే ఆ కబురు వచ్చేదే కాదు.

మనకు దారి చూపేవారు ఉద్యోగం ఇవ్వగలవారే కానక్కరలేదు. రిటైరైన మాస్టారు కావచ్చు, పోయిన ఏడాది తానే లేఆఫ్ అయిన స్నేహితుడు కావచ్చు. అయితే “ఏదైనా ఉంటే చూడండి” అంటే ఎవరికీ ఏమీ తట్టదు. ఏ పని, ఏ ఊరు, ఏ తేదీలోగా అన్నది చెప్పాలి.

ఇక ఆ తర్వాతి 65వ సర్గ నాకు చాలా ఇష్టం. నూరు యోజనాల సముద్రం ఎవరు దాటగలరన్న ప్రశ్న వచ్చింది. ఒకడు పది అన్నాడు, ఇంకొకడు ఇరవై, మరొకడు ముప్ఫై. జాంబవంతుడు తొంభై అన్నాడు. అంగదుడు నూరూ వెళ్ళగలను, తిరిగి రావడమే సందేహం అన్నాడు. గొప్పలూ లేవు, అతివినయమూ లేదు. రెజ్యూమె రాయడం నేర్చుకోవాలంటే ఇంతకన్నా పాఠం ఏముంది? హనుమంతుడు మాత్రం ఒక పక్కన ఊరుకున్నాడు. అతడి శక్తి ఏమిటో జాంబవంతుడే విడమరచి చెప్పవలసి వచ్చింది.

మన చేతిలోని విద్య మనకు మామూలుగా కనిపిస్తుంది. పన్నెండేళ్ళు ఇన్సూరెన్సు కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసినవారు “నేను టెస్టర్ని” అంటారు. నిజానికి వారికి తెలిసినది క్లెయిములు ఎక్కడ ఆగిపోతాయో, ఎందుకు తిరస్కరిస్తారో. ఆ జ్ఞానం ఆసుపత్రుల బిల్లింగ్ విభాగాలకూ కావాలి. అది వేరే దారి, కానీ వారికి తెలిసిన దారే. కనుక పాత సహోద్యోగులు ఇద్దరికి ఫోన్ చేసి, “ఏ పని పడితే నా దగ్గరకు వచ్చేవారు?” అని అడగండి. వారి జవాబును వారి మాటల్లోనే రాసుకోండి.

వచ్చే స్వాధ్యాయానికి 65, 66 సర్గలు చదువుకుని రండి. ఉద్యోగం వెతుక్కుంటున్నవారు రెజ్యూమె కూడా వెంట తెచ్చుకోండి. ఆ రోజు పారాయణం అయ్యాక కూర్చుని అవే చదువుదాం.